కీరా ముక్కలు, ఉప్పు లేని ముంచుడు

ఇప్పుడు డిసెంబర్. నా చెప్పులు నా కాళ్ళకు పడుతున్నాయి. ఇందులో చెప్పుకోవలసిన విశేషం ఏముందని మీకు అనిపించవచ్చు. వేసవి పొడుగునా మా ఆయన రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ బడికి వెళ్ళిన టీచరమ్మకు మాత్రం అది పండగే. మొన్న ఆదివారం బజారులో నా కొలతకు కొత్త జత కొనుక్కున్నాను. ఇంటిదాకా ఆగలేక కొట్టు గుమ్మంలోనే తొడుక్కుని నడిచాను. కొట్టువాడు నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

నాకు వచ్చింది వింత జబ్బేమీ కాదు. బీపీ, దానితోపాటు పాదాల వాపు. ఎంతోమందికి ఉంటుంది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, డాక్టరు ఉప్పు మానమనగానే బతుకు అయిపోయిందని ఏడ్చే నాబోటివాళ్ళు ఉంటారు. వాళ్ళకు కాస్త ధైర్యం చెప్పాలని. ఇంకో సంగతి కూడా ఉంది. ఉప్పు మానేశామని అనుకోవడం వేరు, నిజంగా మానెయ్యడం వేరు. ఆ తేడా తెలుసుకునేలోపు నేను ఓడెక్కి మెయిన్‌ల్యాండ్ పెద్దాసుపత్రికి పోవలసినంత పనయింది.

మాది అండమాన్‌లోని బాంబూఫ్లాట్. పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా, హార్బరుకు ఇవతలి ఒడ్డు. మా అత్త నూకాలమ్మ పెళ్ళైన కొత్తలో మామయ్యతో కలిసి శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చింది. నేను ఇక్కడే పుట్టాను. మా ఆయన అప్పలరాజుకు ఇంజను బిగించిన చిన్న డింగీ ఉంది, దాంట్లో చేపలకు వెళ్తాడు. నేను ఇక్కడి బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెబుతాను. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉండేది ముగ్గురమే, కానీ ముగ్గురికీ నోరెక్కువ కాబట్టి ఇల్లు బోసిగా ఉందని ఎవరూ అనుకోరు.

ఇక మా ఇంట్లో ఉప్పు సంగతి అడగొద్దు. పెరట్లో ఎప్పుడూ ఉప్పు పట్టించిన చేపలు ఎండుతూ ఉంటాయి. పొద్దున చద్దన్నంలోకి ఎండు నెత్తళ్ళు, మధ్యాహ్నం కూరలో ఎండుచేప, మజ్జిగన్నంలోకి ఊరగాయ. అత్త వంటకు సరిపడా ఉప్పు వేసి, ఆ పైన ‘గంగమ్మ పేరు మీద’ అంటూ ఇంకో చిటికెడు వేస్తుంది. గంగమ్మ అంటే మాకు సముద్రమే.

ఫిబ్రవరి మొదట్లో ఒకరోజు క్లాసులో నల్లబల్ల మీద గుణింతాలు రాస్తుంటే చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. కిందికి చూసుకున్నాను. పాదం ఉబ్బి, వేళ్ళు సగం లోపలికి పోయి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట పైకి రావడానికి చాలాసేపు పట్టింది. అంతకు ముందు నుంచీ తల దిమ్ముగా ఉండేది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. నలభై ఆరేళ్ళు వచ్చాయి కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆ గుంట చూశాక మాత్రం అలా అనుకోలేకపోయాను.

మర్నాడు అత్తను వెంటపెట్టుకుని ఫెర్రీలో అవతలి ఒడ్డుకు వెళ్ళాను. ఆసుపత్రి బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాం. నా పక్కన ఒక బెంగాలీ ముసలావిడ, ఒళ్ళో బుట్ట. వాళ్ళ ఊళ్ళో కూరగాయలు పండించి పట్నంలో అమ్ముకునే మనిషి. నేను చీర చెంగు నలుపుకుంటూ కూర్చోవడం చూసి, బుట్టలోంచి లేత కీరా తీసి, చాకుతో నిలువుగా చీల్చి ఒక చెక్క నా చేతిలో పెట్టింది.

"ఖావో బేటీ. డర్ లగే తో కుఛ్ చబానా చాహియే" అంది. భయమేస్తే ఏదో ఒకటి నమలాలట.

నమిలాను. ఆ కరకర చప్పుడుకు ఎదురు బల్ల మీద వాళ్ళందరూ నా వైపు తిరిగారు. ఆవిడ ఏమాత్రం మొహమాటపడకుండా వాళ్ళకూ తలా ఒక ముక్క కోసి ఇచ్చింది. కాసేపు ఆ వరండా అంతా కరకరమంది. భయం పోయిందని చెప్పను గానీ, దవడకు పని దొరికింది. నా కథలో మొదటి కీరా ముక్క అదే. ఆవిడ పేరు నాకు తెలియదు. అందరూ పిన్నీ అన్నట్టు మాసీ అంటున్నారు, నేనూ మాసీ అన్నాను.

డాక్టరు చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, అంకె చూసి, మళ్ళీ కొట్టి చూశాడు. మాత్రలు రాశాడు. "నమక్ బిల్కుల్ బంద్, మేడమ్. అచార్ బంద్. పాపడ్ బంద్" అని ఉప్పూ ఊరగాయా అప్పడాలూ మానిపించి, అత్త చేతులు చూశాడు. చేపలు శుభ్రం చేసే చేతులు దాగవు. ఆగి ఆగి చెప్పాడు. "ఔర్ సూఖా మచ్ఛీ, మాజీ, వో తో బిల్కుల్ బంద్."

అత్త కళ్ళు పెద్దవి చేసింది. "ఏటంటన్నాడే?"

"ఎండుసేప కూడా తినొద్దంటన్నాడత్తా."

"మరేటి తింటాదట మడిసి!"

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. మే నెలలోపు వాపు, బీపీ లొంగకపోతే ఇక్కడ కుదరదు, మెయిన్‌ల్యాండ్ వెళ్ళి కిడ్నీలకు పెద్ద పరీక్షలు చేయించుకోవాలి అన్నాడు. ఆ మాట విన్నాక తక్కినవి నా చెవిలోకి పోలేదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా అమ్మను అలాగే ఓడెక్కించారు. జెట్టీ మీద నిలబడి చెయ్యి ఊపాను. నెల తర్వాత నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. అప్పటినుంచీ మెయిన్‌ల్యాండ్ ఓడ హారన్ వినిపిస్తే చేతిలో పని ఆపేస్తాను. చుట్టూ నీళ్ళున్న చోట పుట్టి ఓడంటే భయమేమిటని మా ఆయన వెక్కిరిస్తాడు. అతని డింగీలో ఎంత దూరమైనా పోతాను. ఆ తెల్ల ఓడ మాత్రం వద్దు.

ఇంటికి రాగానే అత్త కొంగు బిగించి, ఉప్పు జాడీ, ఊరగాయ జాడీలు, ఎండుచేపల తట్ట, అన్నీ పక్కింటికి చేరేసింది. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఒలే వరాలూ, ఈ రోజు కాణ్ణుంచి నీ తిండి నా సేతి మీద. నీ సెయ్యి పొయ్యికాడ కనబడితే సూసుకో. నిన్ను ఓడెక్కనివ్వను."

ఆ రోజు మా ఆయన పక్కింటికి వెళ్ళి భోంచేసి వచ్చాడు.

ఉప్పు లేని అన్నం నాలుగు రోజులు తిన్నాను. ఐదో రోజు కంచం ముందు కూర్చుని నిజంగానే ఏడ్చాను. అప్పుడు మాసీ కీరా గుర్తొచ్చింది. అదీ ఉప్పు లేకుండానే తిన్నాను, నాకేమీ లోటనిపించలేదు. ఉడికించినది చప్పగా ఉంటే కోపం వస్తుంది గానీ, పచ్చిది కరకరలాడుతుంటే నోరు దాని హడావుడిలో అది ఉంటుంది. అలా మొదలైంది. కీరా, ముల్లంగి, పచ్చి మామిడి, ఓడ వచ్చిన వారమైతే క్యారెట్. వేలంత ముక్కలు కోసి స్టీలు డబ్బాలో పెట్టుకుని బడికి పట్టుకుపోయేదాన్ని.

ఉత్త ముక్కలు ఎన్నాళ్ళు తింటాం? నంజుకోవడానికి ఏదైనా ఉండాలి. పెరుగును పలచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే నీరంతా కారి వెన్నముద్దలా అవుతుంది. అందులో దంచిన వెల్లుల్లి, మిరియం, కొత్తిమీర కలిపాను. బాగుంది. దానికి పేరేమిటని తగువొచ్చింది. పచ్చడి అన్నాను. అత్తకు పౌరుషం వచ్చింది. "ఉప్పు లేనిది పచ్చడేటే! ఊల్లోవోలు ఇంటే నవ్వుతారు" అంది. ముక్క ముంచుకుని తినేది కాబట్టి ముంచుడు అన్నాను. ఆ పేరే నిలిచింది.

తర్వాత ముంచుళ్ళు వాటంతట అవే వచ్చి చేరాయి. రెండోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మాసీ మళ్ళీ కలిసి, ఆవాలు, పచ్చిమిర్చి, మామిడి కోరు కలిపి నూరమంది. ముక్కులోంచి పొగలు వచ్చేంత ఘాటు, ఉప్పు లేదన్న ధ్యాసే ఉండదు. బీపీ చూసే నర్సు మేరీ దీదీ రాంచీ వాళ్ళమ్మాయి. వాళ్ళింట్లో టమాటాలు నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లితో నలిపి తింటారట. ఎదురింటి మలయాళీ అమ్మ కొబ్బరి, చిన్నుల్లి, నిమ్మరసం నూరి గిన్నెడు పంపింది. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ దీవుల్లో పడ్డారంటారు కదా, వాళ్ళందరూ నా స్టీలు డబ్బా చుట్టూ చేరారు. జబ్బుపడ్డ మనిషికి ఇంత సరదా పనికొస్తుందా అని నాకే సిగ్గేసేది.

ఫిబ్రవరి చివరికి వాపు కాస్త తగ్గింది. డాక్టరు సంతోషించాడు. నేను బజారులో చెప్పుల కొట్టువైపు కూడా చూశాను.

మార్చి వచ్చింది. మా వైపు కొళాయి రెండు రోజులకు ఒకసారి, తర్వాత మూడు రోజులకు ఒకసారి అయింది. ఏటా ఉన్నదే. మూడు కుండలు, రెండు బకెట్ల మంచినీళ్ళు, వాటితోనే తాగడం, వండటం, నా మాత్రలు. నేను గంట కొట్టేలోపు బడికి పోవాలి కాబట్టి ముక్కల పని అత్తదే. తెల్లవారుజామునే లేచి కోసి, నీళ్ళలో వేసి, వడకట్టి డబ్బాకు మూత పెట్టి ఉంచేది. నీళ్ళలో నానితే కరకర పోదని మాసీయే చెప్పింది.

ఆ నెలలోనే నాకు ఒక మహిమ జరిగింది. మేరీ దీదీ ముందే చెప్పింది, కొన్నాళ్ళు ఉప్పు మానితే నాలుక తేటపడుతుంది, కూరగాయల్లో ఉండే ఉప్పే తెలుస్తుంది అని. ఒకరోజు స్టాఫ్ రూములో ముల్లంగి ముక్క కొరికి ఆగిపోయాను. ఉప్పగా ఉంది! కీరా కొరికాను. అదీ ఉప్పగానే ఉంది. సన్నగా, హాయిగా, అచ్చం కావలసినంతే.

హిందీ చెప్పే శాంతి దీదీకి ఒక ముక్క ఇచ్చాను. ఆవిడ నమిలి నా మొహం చూసింది.

"సచ్ బోలో దీదీ, నమక్ నహీ డాలా?"

"ఒక్క రవ్వ కూడా నహీ. ఇది కూరగాయ సొంత ఉప్పు" అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. నాలుక శుద్ధి గురించి పావుగంట మాట్లాడాను. మనం పైనుంచి వేసే ఉప్పు దేవుడు లోపల పెట్టిన ఉప్పును కప్పేస్తోందని కూడా అన్నాను. టీచర్లకు ఎవరైనా వింటున్నారంటే నోరు ఆగదు. మర్నాటినుంచి ఇంకో నలుగురు టీచర్లు డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వారం తర్వాత శాంతి దీదీ విచారంగా వచ్చింది.

"మాకు ఎందుకు రాలేదు దీదీ ఆ టేస్టు? మా కీరా చప్పగానే ఉంది."

"సబర్ చాహియే" అన్నాను, ఏదో ఆశ్రమంలో ఉన్నట్టు. ఓపిక కావాలట! ఇప్పుడు తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాలుక తేటపడింది గానీ పాదాలు మళ్ళీ ఉబ్బాయి. ఏప్రిల్‌కు మా ఆయన రబ్బరు చెప్పులే నాకు గతయ్యాయి. పొద్దున అద్దంలో చూస్తే మొహం ఉబ్బి కళ్ళు కనిపించేవి కావు. డాక్టరు మాత్ర పెంచాడు. "ఉప్పు తింటున్నారు" అన్నాడు. లేదన్నాను. "ఎక్కడో తింటున్నారు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా బాధేసింది.

ఇంట్లో మా ఆయనకు అనుమానం పట్టుకుంది. ఒక సాయంత్రం బడినుంచి రాగానే నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"ఏటయ్యా ఇది?"

"పక్కింట్లో నెత్తళ్ళు ఏపుతున్నారు. నువ్వటు ఎల్లేవేమోనని."

"దొంగతిండి తింటన్నాననా?"

"మరి తినకపోతే తగ్గాల కదేటి! డాక్టరు సాబ్ అబద్దం సెప్తాడా?"

నాకు మొదటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. డబ్బా నేలకేసి కొట్టాను. మూత దొర్లుకుంటూ పోయి పెరట్లో అత్త కాళ్ళ దగ్గర ఆగింది. అత్త మూత పట్టుకుని లోపలికి వచ్చి కొడుకు ముందు నిలబడింది.

"ఒరే అప్పలరాజూ, నా కోడలు దొంగతిండి తినదు. తింటే నా ఎదురుగానే తింటాది, అడ్డమొస్తే నన్నూ తిట్టి మరీ తింటాది. ఇంకోపాలి దాని సెయ్యి వాసన సూసినావంటే నీ ముక్కు కోసీసి ఎండబెడతాను."

పదిహేడేళ్ళ కాపురంలో నాకు అత్త మీద అంత ప్రేమ పుట్టిన రోజు ఇంకోటి లేదు. ఆయన మర్నాడు క్షమాపణగా పెద్ద పచ్చి చేప తెచ్చి, నాకు ఉప్పేసి వండకూడదని గుర్తొచ్చి గుమ్మంలోనే తెల్లమొహం వేశాడు. ఆ చేపను ఉప్పు లేకుండా నిమ్మరసంతో కాల్చి ఇచ్చాడు. మేము మళ్ళీ మాటల్లో పడ్డాం.

ఏప్రిల్ చివర డాక్టరు మెయిన్‌ల్యాండ్‌కు కాగితం రాసి చేతిలో పెట్టాడు. మే నెలాఖరు ఓడ. మా ఆయన క్యూలో నిలబడి రెండు టిక్కెట్లు తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు. పటానికి దండం పెట్టాలంటే అవి కనిపించేవి, దండం పెట్టడం మానేశాను. బడిలో పిల్లలకు సెలవులిచ్చారు. పెట్టె దులిపి చీరలు సర్దుకుంటుంటే, అమ్మ కూడా ఇలాగే నీలం చీర అడుగున పెట్టి, తెల్లది పైన పెట్టిందని గుర్తొచ్చింది. రెండింటినీ తీసి బయట పడేశాను. తిరిగిరానేమోనన్న మాట ఎవరితోనూ అనలేదు. అత్తకు మాత్రం తెలిసింది. ఆ రోజునుంచి ఇంకా ముందే లేచేది.

"సిన్నముక్కలు రెండు గంటలు ఎక్కువ నానబెడతన్నానే, సలవ సేస్తాది. నువ్వు బెంగెట్టుకోకు" అనేది. డబ్బా నిండా, కూరి కూరి పెట్టేది. నేనూ ఆశగా మొత్తం తినేదాన్ని.

మే రెండో వారంలో వాన వచ్చింది. ఈసారి వాన కాదు, ఆకాశానికి కొళాయి పెట్టి తిప్పి వదిలేశారు. ఇంట్లో ఉన్న గిన్నెలూ గంగాళాలూ అన్నీ చూరు కింద పెట్టాం. డింగీలన్నీ ఒడ్డుకెక్కాయి. మా ఆయన మంచానికి అడ్డంపడి నిద్రపోయాడు. అలా ఎనిమిది, తొమ్మిది రోజులు.

ఆ రోజుల్లో నా నాలుక పాడైంది. కీరా చప్పగా ఉంది. ముల్లంగి చప్పగా ఉంది. మాసీ ఆవాల ముంచుడులో ముంచినా లోపల చప్పగానే ఉంది. శుద్ధి కూడా పోయిందే అని బెంగపడ్డాను. అయితే ఇంకో విచిత్రం కూడా జరిగింది. ఒక పొద్దున మంచం దిగి చూసుకుంటే చీలమండ ఎముక కనిపించింది. మూడు నెలలుగా కనిపించని ఎముక. దాన్ని చేత్తో తడిమి చూసుకున్నాను. నా ఎముకే.

కాలు చూపించడానికి పెరట్లోకి వెళ్ళాను. అత్త చూరు కింద కూర్చుని ముక్కలు కోస్తోంది.

"అత్తా, వాపు తగ్గినాది సూడు. కానీ ఈ వారం కీరా సప్పగా ఉంటన్నాదేటి? ఓడలో వొచ్చిన ఇత్తనమా?"

"ఇత్తనం అదేనే. నీరు మారినాది కదా" అంది తల ఎత్తకుండా. "కెరటాలు పెద్దవి, ఒడ్డుకాడికి ఎల్లలేకపోతన్నాను. గంగమ్మ నీరు లేక వాననీట్లోనే నానబెడతన్నాను."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

మా ఇంట్లో ఎప్పుడూ ఒక బకెట్ సముద్రపు నీళ్ళు ఉంటాయి, చేపలు కడగడానికి. ఆ బకెట్‌ను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. డింగీల్లో అన్నం వండుకునేటప్పుడు మావాళ్ళు మూడు వంతులు మంచినీళ్ళు, ఒక వంతు సముద్రం పోస్తారు, విడిగా ఉప్పు వెయ్యరు. నా చిన్నప్పుడు నాన్న పడవ అంచు మీంచి పచ్చి మామిడికాయ నీళ్ళలో ముంచి కొరికేవాడు. ఇవన్నీ తెలిసిన దాన్ని. అయినా నాకు తట్టలేదు. కొళాయి రాని మార్చినుంచి ఆ ముసలిది మంచినీళ్ళు నా మాత్రలకు మిగల్చాలని, తెల్లవారకముందే జెట్టీ దాటి, రాళ్ళ దగ్గర నీళ్ళు తేటగా ఉండే చోటుదాకా నడిచి, బకెట్ నింపుకుని ఆ ఎత్తంతా ఎక్కి వస్తోంది. డెబ్భై దాటిన మనిషి. రుచి చూద్దామంటే నోట్లో ఒక్క పన్ను లేదు. పచ్చి ముక్కల జోలికి మా ఆయన రానే రాడు, మేకల మేత అంటాడు. తిన్నదల్లా నేను, స్టాఫ్ రూములో నా శిష్యులు.

నవ్వొచ్చింది. ఆపుకోలేక చూరు కింద నేలమీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను.

"ఏటే? ఏటయినాది నీకు?"

"అత్తా, సముద్రం ఉప్పగా ఉంటాది కదే!"

"ఉంటాది."

"మరి నాకు ఉప్పు మానమన్నాడు కదే డాక్టరు!"

"ఉప్పంటే కొట్లో కొనీది. గంగమ్మ నీరు..." అంది. అక్కడ ఆగింది. చాకు కిందపెట్టింది. మొహంలో రంగు దిగిపోయింది. "నానేనా?" అంది. "నిన్ను ఓడెక్కిస్తన్నది నానేనా?"

ఏం చెప్పినా వినలేదు. రెండు రోజులు గంజి తప్ప ముట్టలేదు. నేను నవ్వు మొహంతో తిరిగినకొద్దీ ఆమె ఇంకా కుంగిపోయింది. అత్త నోరు మూతపడటం ఆ ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. నా వాపుకన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజు, నేను చీర కట్టుకునేసరికి అత్త గుమ్మంలో సిద్ధంగా ఉంది. చేతిలో ఆ బకెట్. ఖాళీదే. వద్దన్నా వినకుండా ఫెర్రీలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద మా వంతు వచ్చేదాకా దాని పిడి వదల్లేదు. డాక్టరు నాకు బీపీ చూసి, కనుబొమ్మలు ఎత్తి, ఇంకోసారి చూశాడు. కాళ్ళు నొక్కి చూశాడు.

"బహుత్ అచ్ఛా! క్యా కియా?" చాలా బాగుంది, ఏం చేశారని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు అత్త బకెట్ ఆయన బల్ల మీద పెట్టింది. "సాబ్, నమక్ హమ్ దియా. సమందర్ కా పానీ మే కీరా డాలా. రోజ్ దియా. హమ్ మారా ఇస్కో" అంది, ఏడుపుతో. ఉప్పు పెట్టిందీ తనే, నన్ను చంపిందీ తనే అని.

డాక్టరు బకెట్ వంకా నా వంకా చూశాడు. నేను మొత్తం చెప్పాను. వింటూ వింటూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కర్చీఫ్ కళ్ళకు అద్దుకుంటూ నవ్వాడు. మేరీ దీదీ తలుపు పట్టుకుని నవ్వింది. బయట బల్ల మీద వాళ్ళు ఏమిటా అని తొంగిచూశారు. తర్వాత ఆయన లేచి వచ్చి అత్త ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రోజ్ ఇత్నా పానీ ఉఠాయా, మాజీ? ఆప్‌నే మారా నహీ" అన్నాడు. రోజూ ఇన్ని నీళ్ళు మోశావా, నువ్వు చంపలేదమ్మా అని. "చఖా క్యోఁ నహీ?" రుచి ఎందుకు చూడలేదని అడిగాడు.

అత్త నోరు తెరిచి చిగుళ్ళు చూపించింది.

రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. ఓడ వద్దన్నాడు, మాత్ర మాత్రం మానొద్దన్నాడు. ఇంకో చీటీ రాశాడు. అది నాకు కాదు, అత్తకు, పళ్ళ డాక్టరు గదికి. ఆ సాయంత్రం మా ఆయన టిక్కెట్లు పటం వెనకనుంచి తీస్తే, నేను చాలా రోజుల తర్వాత దండం పెట్టుకున్నాను. నెలాఖరున ఆ తెల్ల ఓడ హార్బరు దాటుతుంటే ముగ్గురం జెట్టీ మీద నిలబడి చూశాం. హారన్ కొట్టింది. నా చేతిలో పని ఆగలేదు, క్యారెట్ నములుతున్నాను. ఆ ఓడే తెచ్చిన క్యారెట్.

బడి తెరిచాక నలుగురు టీచర్లకూ నిజం చెప్పాను. శాంతి దీదీ వారం రోజులు నన్ను స్వామీజీని పిలిచినట్టు మహారాజ్ అని పిలిచింది. మీకూ చెబుతున్నాను, ఉప్పు మానమన్నారంటే జాడీ దాచడం ఒక్కటే చాలదు. మీ ఇంట్లో ఉప్పు అని ఎవరూ అనుకోని ఉప్పు ఎక్కడుందో వెతకండి. ప్రేమగా పెట్టే చేతినీ ఒకసారి అడగండి, కోపంగా కాదు.

అత్తకు కట్టుడు పళ్ళు వచ్చేసరికి నవంబర్ దాటింది. తెచ్చిన రోజు అద్దం ముందు అరగంట నిలబడి, ఇకిలించి, మా ఆయనను బెదిరించి, చివరికి పెరట్లో నా పక్కన కూర్చుంది. ఇకమీద నాకు పెట్టేది ఏదైనా ముందు తాను కొరికి చూస్తానంది. మంచినీళ్ళలో నానిన కీరా ముక్క ఇచ్చాను. పెరుగు ముంచుడులో ముంచి, జాగ్రత్తగా పక్కపళ్ళ మధ్య పెట్టి కొరికింది. కరకరమంది. ఆ చప్పుడుకు ఆమెకే ఆశ్చర్యమేసి ఆగింది. తర్వాత రెండుసార్లు నమిలి మొహం అంతా ముడుచుకుంది.

"ఓలమ్మో, ఇదేటే ఇంత సప్పగా! ఇదెలాగ తిన్నావే అన్ని నెలలు?"

"నేనెక్కడ తిన్నానత్తా, నువ్వు తిననిత్తే గదా!"

అత్త ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత నవ్వింది, కొత్త పళ్ళు ఊడొస్తాయేమోనని చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. ఆ ముక్క మాత్రం వదల్లేదు. రెండోది కూడా అడిగి తీసుకుంది.